మూడు తెలుపులు

తెలుపులో మూడు రకాల తెలుపులుంటాయనీ, ఆ మూడూ ఒకే ఇంట్లో ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ పోట్లాట లేకుండా కాపురం చెయ్యాలనీ ఇంటావిడ రుచిత చెప్పిన రోజునే తెరేసమ్మ గుండెల్లో రాయి పడింది. చిలకాకుపచ్చా, గులాబీ, నీలం అడిగే ఇల్లయితే ఆమె మొగుడు, రంగులమేస్త్రీ బాలశౌరి, ఇంకో రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. అలాంటి రంగులడిగే ఇళ్ళు ఇప్పుడెక్కడున్నాయి? డబ్బున్నవాళ్ళకి ఈమధ్య రంగంటే భయం పట్టుకుంది. మీగడ, ఇసక, బూడిద, గుడ్డు పెంకు, వీటి మధ్యే తిరుగుతున్నారు.

పోరంకిలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. తలుపు తియ్యగానే హాలు, ఆ పక్కన భోజనాల బల్ల వేసే చోటు, దాన్ని ఆనుకుని వంటగట్టు, మూలకి దేవుడి మందిరం, అన్నీ ఒకే బయలులో ఉన్నాయి. మధ్యలో గోడ లేదు, ద్వారబంధం లేదు. పాత ఇళ్ళలో రంగుకి ఒక హద్దుండేది. గడప దాటితే ఆ రంగు పని అయిపోయేది. పడకగదిలో కాస్త తేడా వచ్చినా వంటింట్లోవాళ్ళకి తెలిసేది కాదు. ఈ ఇంట్లో వీధి తలుపు దగ్గర మొదలైన గోడ ముప్పై అడుగులు ఎక్కడా ఆగకుండా పోయి పొయ్యి దగ్గర తేలుతుంది. తప్పు చేస్తే దాచుకోవడానికి ఒక మూలైనా లేదు.

సోమవారం పొద్దున రుచిత ఆ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. గోడ మీద మూడు చోట్ల జానెడు జానెడు రంగు పూసి ఉంది. ఒకటి హాలుకి, ఒకటి వంటగట్టు వైపుకి, మూడోది పైకప్పుకి.

"మేస్త్రీగారూ, ఈ హాలుది షేడు కార్డు మీద చూసినప్పుడు బాగుందండీ. గోడ మీద సాయంత్రమయ్యేసరికి పింక్ కొడుతోంది. కిచెన్ తెలుపు పక్కన అస్సలు సెట్టవట్లేదు. షాపులో మళ్ళీ మిషన్లో కలిపించినా అదే వస్తుందట. మీరు చేత్తో సరిచేస్తారని చెప్పారు."

"సరిచేద్దాం మేడమ్," అన్నాడు బాలశౌరి. ఆ మాట అనడంలో ఆయనకి నలభై ఏళ్ళ అలవాటుంది. వన్ టౌన్‌లో రంగుల కొట్లవాళ్ళు కూడా కుదరని షేడు వస్తే ఆయన్నే పిలిపించేవాళ్ళు.

బకెట్టు మూత తీసి ఆయన ఒకవైపు గొంతుక్కూర్చున్నాడు. కలిపే పుల్ల పట్టుకుని తెరేసమ్మ ఎదురుగా కూర్చుంది. చుక్కలుగా కలిపే ముదురు రంగుల స్టెయినర్ సీసాలు ఆమె పక్కనే వరసగా ఉన్నాయి. గులాబీకి విరుగుడు ఆకుపచ్చ. ఆమె పచ్చ సీసా తీసి, మూత తిప్పి, ఆయన కుడి చేతికి తగిలేట్టు పెట్టింది. ఆయన రెండు చుక్కలు వేశాడు. ఆమె పుల్ల తిప్పింది. పుల్ల తిరుగుతున్నంతసేపూ ఇంకా చాలలేదని అర్థం. ఆయన తలెత్తి ఆమె చేతిని చూశాడు. ఇంకో చుక్క. మళ్ళీ చూశాడు. పుల్ల తిరుగుతూనే ఉంది. ఇంకో చుక్క. అప్పుడు ఆమె పుల్ల పైకి తీసి బకెట్టు అంచు మీద అడ్డంగా పెట్టింది.

"చాలు," అన్నాడు బాలశౌరి, తనకి తానే చెప్పుకున్నట్టు.

అట్టముక్క మీద పూసి ఫ్యాను కింద ఆరబెట్టారు. ఆరాక రుచిత దాన్ని గోడకి ఆనించి చూసింది, వెనక్కి జరిగి చూసింది, ఫోనులో ఫోటో తీసి చూసింది. గులాబీ పోయింది. మూడు తెలుపులూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

"మీ కన్ను మామూలు కన్ను కాదు మేస్త్రీగారూ," అంది. తర్వాత తెరేసమ్మ వైపు తిరిగి, "ఇదిగో, ఆ కవర్లన్నీ కింద చెత్తకుండీలో పడేసి రామ్మా," అంది. మంచి పిల్లే. ఎవర్నీ ఒక్క మాట పరుషంగా అనదు. కాకపోతే ఆమెకి రంగు పని చేసేది మేస్త్రీగారూ, చెత్త తీసేది తెరేసమ్మా.

తెరేసమ్మ కవర్లు ఏరుకుంటూ అనుకుంది, ఈ గండం గడిచిందని. ఏడాదిన్నరగా ఆమె బతుకంతా ఇలా గండాలు లెక్కపెట్టుకోవడమే. కళ్ళాసుపత్రిలో డాక్టరు దాచకుండానే చెప్పాడు. కంటి వెనక నరం ఎండిపోతోంది, దీనికి ఆపరేషన్ లేదు, మందు వేసుకుంటే ఉన్నచూపు కొన్నాళ్ళు నిలుస్తుంది, ముందుగా రంగులు పోతాయి. బాలశౌరి ఒకే ఒక్క మాట అడిగాడు, "లేత రంగులాండీ, ముదురు రంగులా?" అని. ఆ రోజు ఇద్దరూ ఆసుపత్రి మెట్లు దిగి ఇంటికొచ్చారు. మర్నాడు పనిలోకెళ్ళినప్పుడు పుల్ల ఆమె చేతిలోకి వచ్చింది. మనుషులు, మెట్లు, నిచ్చెన, అన్నీ ఆయనకి కనిపిస్తాయి. లేత రంగులన్నీ మాత్రం ఒకే తడి గుడ్డలా కనిపిస్తాయి. ఈ సంగతి బయటపడితే బాలశౌరిని నిచ్చెన మొయ్యడానికి కూడా ఎవరూ పిలవరు. రంగులమేస్త్రీకి చూపు పోయిందంటే ఊళ్ళో అంతకంటే నవ్వులాట ఇంకేముంటుంది?

*

బుధవారం మధ్యాహ్నానికి గోడ మూడింట రెండొంతులు అయింది. సోమవారం కలిపిన బకెట్టు అడుగంటింది. అసలైతే గోడకి సరిపడా రంగు ఒకేసారి కలుపుకుంటారు. కానీ రుచిత మధ్యలో మనసు మార్చుకుని వీధి గుమ్మం పక్క గోడకి కూడా అదే పూయించడంతో తక్కువ పడింది. రెండో బకెట్టు తెచ్చి పెట్టారు. అన్నం తిని దాన్ని కలపాలి. మొదటి బకెట్టుకి వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి.

వాళ్ళు క్యారేజీ కడుక్కుంటుండగా రుచితా, ఆమె అత్తగారు సీతారావమ్మా వచ్చారు. శుక్రవారం పొద్దున గృహప్రవేశం. పటమటలో వాళ్ళుంటున్న అద్దె ఇంట్లో ఇత్తడి సామానంతా తోమాలి, పనిమనిషి చెప్పాపెట్టకుండా మానేసింది.

"మేస్త్రీగారూ, మీ హెల్పర్ని ఈ పూటకి తీసుకెళ్ళనాండీ?" అని అడిగింది రుచిత. అడిగింది ఆయన్ని. తీసుకెళ్ళేది ఆమెని.

బాలశౌరి తెరేసమ్మ ఉన్నవైపు చూశాడు. తెరేసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "గోడ పనుందమ్మా," అంది.

సీతారావమ్మ నవ్వింది. పామర్రు మనిషి, మాటకి మాట తడుముకోదు. "గోడ ఆయన చూసుకుంటాడే. రంగు కలిపేది ఆయన గదా. నువ్వు పుల్ల తిప్పేదానివేగా. ఒక్క పూట ఆయనే తిప్పుకుంటాళ్ళే."

తెరేసమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. రానంటే ఎందుకు రావని అడుగుతారు. ఆ ఎందుకికి జవాబు ఆమె దగ్గర ఒక్కటే ఉంది, అది చెప్పేది కాదు. సరేనని తలూపింది. చెప్పులేసుకునే వంకతో మొగుడి పక్కకి వెళ్ళి, "నేనొచ్చేదాకా ఆ బకెట్టు మూత తియ్యమాక. అందాకా పైకప్పు చూసుకో," అంది గొంతు తగ్గించి. "అట్టాగేలే," అన్నాడు ఆయన.

గుమ్మం దాటుతూ రుచిత వెనక్కి తిరిగింది. "సాయంత్రానికి గోడ అయిపోవాలండీ. రేపు పొద్దునే లైట్లు బిగించడానికి వస్తారు. ఇక లేటవ్వకూడదు."

కారులో ముందు సీట్లో రుచిత, వెనక సీతారావమ్మ పక్కన తెరేసమ్మ. బందరు రోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పటిలాగే ఉంది. తెరేసమ్మ మనసు మాత్రం ఆ బకెట్టు మూత మీదే ఉంది.

పటమట ఇంట్లో పెరట్లో కుళాయి దగ్గర కూర్చోబెట్టి సీతారావమ్మ సామాను ముందేసింది. బిందెలు, గంగాళం, పళ్ళేలు, దీపపు కుందులు. తెరేసమ్మ చింతపండు నానేసి, పీచు తీసుకుని మొదలుపెట్టింది. రంగు అంటిన గోళ్ళలోకి పులుపు దిగి చురుక్కుమంటోంది. తొందరగా అవగొడదామని ఆమె తోముతుంటే సీతారావమ్మ అటకమీదనుంచి ఇంకో రెండు కాగులు దింపించింది. పక్కన పీట వేసుకుని కబుర్లలో పడింది.

"ఇదేం ఇల్లో నాకర్థం కాదే అమ్మాయ్. తలుపు తీస్తే పోపు డబ్బా కనపడుద్ది. వచ్చినోళ్ళకి మనం అన్నం వండుతున్నామో మాడుస్తున్నామో మొత్తం తెలిసిపోద్ది. మా పామర్రులో వంటింటికి తలుపుండేది. లోపల చాకిరంతా నాది, బయట పేరు మా అత్తగారిది. ఆవిడ చేతి గుత్తొంకాయ అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆవిడ జన్మలో వంకాయ కొయ్యలా."

"మరి మీరు చెప్పలేదాండీ?"

"చెప్తే ఎవరు నమ్ముతారే?" అని సీతారావమ్మ నవ్వేసి, ఇంకో కుంది అందించింది.

మూడయింది. నాలుగయింది. తెరేసమ్మ చేతులు ఇత్తడి మీద, కళ్ళు పెరటి గోడ మీద వాలుతున్న ఎండ మీద ఉన్నాయి. ఆయన ఆగి ఉండడని ఆమెకి తెలుసు. సాయంత్రానికి అయిపోవాలి అన్నాక ఊరికే కూర్చునే మనిషి కాదు. పైగా ఆయనకి ఒక మొండితనం ఉంది. తన చెయ్యి తనకి తెలుసని, చుక్కల లెక్క గుర్తుందని, కన్ను లేకపోయినా అలవాటు చాలని. ఆ మొండితనమే లేకపోతే అంత మేస్త్రీ అయ్యేవాడూ కాదు.

*

ఐదు గంటలకి లిఫ్టు తలుపు తెరుచుకుంది. తోమిన బిందె చంకనెత్తుకుని తెరేసమ్మే ముందు లోపలికొచ్చింది. బాల్కనీలోంచి పడమటి ఎండ నేరుగా గోడ మీద పడుతోంది. గోడ సగం దాటాక, సరిగ్గా సోఫా వేసే చోటికి వెనకాల, నిలువునా ఒక గీత కనిపించింది. ఆ గీతకి ఇవతల మీగడ తెలుపు. అవతల, వంటగట్టు దాకా, పాచి పట్టిన తెలుపు. పచ్చ ఎక్కువ పడింది. ఒకటి కాదు, నాలుగైదు చుక్కలు ఎక్కువ.

బాలశౌరి రోలరు కడుగుతూ తలెత్తాడు. ఆయన మొహం తేటగా ఉంది. "అయిపోయిందే. ఎట్టా ఉంది?"

తెరేసమ్మ జవాబు చెప్పేలోపే వెనకే రుచిత వచ్చేసింది.

"ఏంటిది?" అంది రుచిత. మెల్లగా గోడ దగ్గరికి నడిచి ఆ గీత మీద వేలు పెట్టింది. "ఇదేంటి మేస్త్రీగారూ, ఇటొక రంగు, అటొక రంగు?"

బాలశౌరి గోడవైపు చూశాడు. ఎటువైపు చూడాలో తెలియక మొత్తం గోడ మీద చూపు తిప్పాడు. ఆ చూపు ఇంకో రెండు క్షణాలు అలాగే తిరిగితే అంతా బయటపడుతుంది. తెరేసమ్మ బిందె కింద పెట్టింది.

"నేనేనమ్మా. పొద్దున ఆయన్నడక్కుండా ఆ బకెట్టు నేనే కలిపి పెట్టా. తొందర్లో పచ్చ ఎక్కువ పడింది. తడి మీద తెలవదు, ఆరాకే బయటపడుద్ది. ఆయన నమ్మి పూసేశాడు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఏడాదిన్నరగా రంగులన్నీ ఆమే కలిపింది. ఒక్కటి కూడా తను కలిపానని చెప్పుకోలేదు. తను కలపని ఒక్క బకెట్టునే తనదని చెప్పుకోవాల్సి వచ్చింది.

"రంగు నువ్వు ముట్టుకోవడమేంటి తెరేసమ్మా?" రుచిత గొంతు పెంచలేదు. "ఎంత కష్టపడి సెలెక్ట్ చేశానో తెలుసా? మేస్త్రీగారూ, ఇలాంటివి హెల్పర్లకి అప్పజెప్పకండి ప్లీజ్."

బాలశౌరి చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన భార్య మొహంకేసి చూశాడు. ఆమె చూపులోనే ఏదో చదువుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పానే నీకు, సీసాల జోలికెళ్ళొద్దని," అన్నాడు. ముందు మెల్లగా అన్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. "బుద్దుండాలి మనిషికి."

తెరేసమ్మ తలొంచుకుంది. తిట్టాలి, తిట్టకపోతే నమ్మరు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా నొప్పి నొప్పే.

"సరే, అయిందేదో అయింది," అంది రుచిత. "లైట్లవాళ్ళని మధ్యాహ్నం రమ్మంటాను. షాపులో చెప్పి ఇంకో బకెట్టు తెప్పిస్తా. పొద్దునే మీరొక్కరే వచ్చి సరిచేసెయ్యండి. ఆవిడొద్దు. మళ్ళీ చెయ్యి పెట్టిందంటే ఇక నాకు టైమ్ లేదు."

*

సిటీ బస్సులో ఇద్దరికీ చెరొక చోట సీటు దొరికింది. చిట్టినగర్‌లో దిగి, కొండ మీది ఇంటికి మెట్లెక్కుతూ సగంలో బాలశౌరి ఆగాడు. ఆయాసానికి కాదు.

"ఎందుకే అట్టా చెప్పావు?"

"నీ పేరు పోకూడదని."

"పేరు నిలబెట్టావు. రేపు రంగెవరు కలుపుతారు?"

తెరేసమ్మ అంత దూరం ఆలోచించలేదు. ఆ క్షణంలో ఆయన చూపు గోడ మీద దిక్కు తెలియకుండా తిరగడం ఒక్కటే చూసింది, దానికి అడ్డం పడింది. ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతోంది. మొగుణ్ణి కాపాడబోయి ఆ ఇంట్లోంచి అతని కళ్ళే బయట పెట్టించింది.

"ఆ బకెట్లో ఉంది రంగో, మజ్జిగో నాకు తెలవదే," అన్నాడు బాలశౌరి. ఇంత విడమరచి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. "చుక్కలు లెక్కేసుకునే పోశా. నాలుగని గుర్తు. ఎక్కడో తప్పా. పూస్తున్నంతసేపూ ఎంత బాగా వస్తందో అనుకున్నా. ఎంత సంతోషపడ్డానో తెలుసా నీకు?"

"రేపు జ్వరమొచ్చిందని చెబుదాం."

"రేపు జ్వరం. ఎల్లుండి?" ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. కింద బజారులో దీపాలు వెలుగుతున్నాయి. "చెప్పేస్తా. నిన్ను తిట్టిన నోటితోనే చెప్తా. కలిపేది నువ్వని చెప్తా. వాళ్ళు నిన్నుంచుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. గోడ మీద ఇంకో గీత గీసి రాలేను."

తెరేసమ్మ వద్దనాలనుకుంది. అనలేకపోయింది. ఒక్కసారైనా ఆ మాట ఎవరి ముందైనా ఆయన నోటివెంట రావాలని తనకీ ఉందని ఆ మెట్ల మీదే ఆమెకి తెలిసొచ్చింది. అందుకు సిగ్గుపడింది కూడా.

*

గురువారం పొద్దున ఇద్దరూ కలిసే వెళ్ళారు. తెరేసమ్మ గడప బయటే నిలబడింది. లోపల సీతారావమ్మ మందిరం దగ్గర పసుపు గిన్నెలు సర్దుకుంటోంది. కొత్త బకెట్టు గోడ పక్కన సీలు తియ్యకుండా ఉంది. రుచిత తెరేసమ్మని చూసి నొసలు చిట్లించింది.

బాలశౌరి చెప్పులు విడిచి లోపలికెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, నిన్న ఆ రంగు కలిపింది ఆవిడ కాదండీ. నేను. నాకు లేత రంగులు కనపడవు. కంటి నరం పోయిందన్నారు. ఏడాదిన్నర నుంచీ రంగు కలిపేది మా ఆవిడే. సోమవారం మీ ముందు కుదిర్చింది కూడా ఆవిడే. ఆవిణ్ణి లోపలికి రానిస్తే గంటలో సరిచేస్తది."

ఒక్క గుక్కలో చెప్పాడు. తెరేసమ్మ గుమ్మం పట్టుకుంది.

రుచిత మొదట ఆయన్ని, తర్వాత గడప బయట ఉన్న ఆమెని చూసింది. రుచిత మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. "మేస్త్రీగారూ, మీరు మంచివారండీ. ఆవిడ మాట పడకూడదని మీ మీద వేసుకుంటున్నారు. నాకర్థమైంది. ఆవిడ మీద నాకేం కోపం లేదు. కానీ ఇలాంటివి చెప్పకండి."

"నిజమే మేడమ్."

"సోమవారం నా కళ్ళముందే కదండీ మీరు కలిపారు. చుక్క చుక్క వేసి, చాలు అన్నారు. నేను ఇక్కడే నిలబడి చూశానుగా."

"మొగుడు పెళ్ళాన్ని వెనకేసుకు రావడం మంచిదేలే," అంది సీతారావమ్మ మందిరం దగ్గర్నుంచి. "మా రోజుల్లో అంత భాగ్యం లేదు."

"మీరే చెప్పండమ్మా," అంది తెరేసమ్మ గడప బయటినుంచి సీతారావమ్మతో. "లోపల వండేదొకరు, పేరొకరిదని నిన్న మీరే అన్నారుగా."

సీతారావమ్మ గిన్నె సర్దుతున్న చెయ్యి ఆగింది. ఆమె తెరేసమ్మ వైపు కాస్సేపు చూసింది. ఏదో తట్టినట్టే ఉంది. తర్వాత కోడలి వైపు చూసి, "అది వంట కబురే. రంగు సంగతి నాకేం తెలుసు," అని మళ్ళీ గిన్నెల్లో పడింది.

రుచిత బ్యాగులోంచి రెండు కార్డు ముక్కలు తీసింది. పక్కపక్కన పట్టుకుని బాలశౌరి ముందుకు చాపింది. "ఇందులో కిచెన్ తెలుపు ఏది? చెప్పండి. చెప్పలేకపోతే మీరన్నది నమ్ముతాను."

తెరేసమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇక తేలిపోతుంది. ఆయన చెప్పలేడు, చెప్పలేకపోతే ఆమెని లోపలికి పిలుస్తారు. పేరు పోతే పోయింది. రంగు కలపడానికి రమ్మంటూ ఎవరో ఒకరు ఆమెని మొదటిసారి పిలుస్తారు.

బాలశౌరి రెండు ముక్కలనీ చూశాడు. తెలియదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నలభై ఏళ్ళుగా ఎవరైనా రంగు చూపించి ఏదని అడిగితే తెలియదనే మాట ఆ నోటికి రాలేదు. చెయ్యి దానంతటదే లేచింది. వేలు ఎడమ చేతివైపు ముక్క మీద ఆనింది.

"ఇదండీ."

"అదీ," అని రుచిత నవ్వింది. "కరెక్ట్. కన్నుకేమైందండీ, బంగారంలా ఉంటేను."

బాలశౌరి వేలు ఇంకా ఆ ముక్క మీదే ఉంది. తీసి దాన్ని కాసేపు చూసుకున్నాడు. మళ్ళీ ముక్క వైపు చూశాడు. మెల్లగా ఆయన మొహం మారింది. ఆ మార్పు తెరేసమ్మ చూసింది.

"ఇంకోసారి అడగండమ్మా," అంది. "ముక్కలు అటూ ఇటూ మార్చి అడగండి."

"నువ్వూరుకో తెరేసమ్మా. ఆయన పని ఆయన్ని చేసుకోనీ."

బాలశౌరి గడప దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, భార్యకి మాత్రమే వినపడేట్టు అన్నాడు. "కనపడిందే తెరేసా. ఊరికే అన్లా. రెంటికీ తేడా తెలిసినట్టే ఉంది. పొద్దుటి వెలుతురు మంచిది గదా, అందుకేనేమో. డాక్టర్లకన్నీ తెలుస్తాయా ఏంటి. నువ్వింటికెళ్ళు. నేను చూసుకుంటా."

ఆసుపత్రి మెట్లు దిగినప్పటినుంచీ ఆ మొహంలో అంత ధైర్యం ఆమె చూడలేదు. అది వట్టి గుడ్డిదెబ్బని, రెండు ముక్కల్లో ఒకటి ఎవడు ముట్టుకున్నా సగంసార్లు పడుతుందని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయింది. మళ్ళీ అదే జాలి, నిన్న అబద్ధం ఆడించిన జాలే, ఇప్పుడు నిజం చెప్పనివ్వకుండా అడ్డం పడింది.

బాలశౌరి చొక్కా విప్పి, పని చొక్కా తొడుక్కుని, కొత్త బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. సీలు తీశాడు. పుల్లా తనే పట్టుకున్నాడు, సీసా తనే వెతికి తీసుకున్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి, చుక్క వేసేముందు ఆయన తలెత్తి ఎవరి కోసమూ చూడలేదు. రుచిత వచ్చి, తడి గోడకి దుమ్ము పడుతుందని వీధి తలుపు దగ్గరికి వేసేసింది.